తుపాకీ పెట్టి రాయిస్తే రాజీనామా అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య టీవీ సీరియళ్లలో, ఓటీటీ సిరీస్‌లలో ఎమ్మెల్యే పాత్ర లేకుండా కథ నడవడం లేదు. ఖద్దరు చొక్కా, నుదుట బొట్టు, వెనక పది కార్లు... వేషం బాగానే కుదురుతోంది. ఆ మనిషి చేసే పనే కుదరడం లేదు. ముఖ్యంగా రాజీనామా సీను.

విలన్ కణతకు తుపాకీ ఆనిస్తాడు, ఎమ్మెల్యే వణుకుతూ సంతకం పెడతాడు, మర్నాటికి ఉప ఎన్నిక వచ్చి పడుతుంది. ఆ కాగితం ఎవరి పేరిట రాశారో కెమెరా చూపించదు. చూపించినా ‘గౌరవనీయులైన గవర్నర్ గారికి’ అని ఉంటుంది. గవర్నర్‌కు ఇచ్చేది ముఖ్యమంత్రి పదవికి రాజీనామా. శాసనసభ్యత్వం వదులుకోవాలంటే రాజ్యాంగం 190వ అధికరణ ప్రకారం స్వయంగా సంతకం చేసి స్పీకర్‌కు రాయాలి. రాసినంత మాత్రాన సీటు ఖాళీ కాదు, ఆయన ఆమోదించాలి. ఇష్టపూర్వకంగా ఇచ్చింది కాదని విచారణలో తేలితే ఆమోదించకూడదు కూడా. ఎమ్మెల్యేలను బెదిరించి రాజీనామాలు రాయిస్తున్న రోజుల్లో, 1974లో, 33వ సవరణతో చేర్చిన నిబంధన ఇది. మన రచయితల తుపాకీకి విరుగుడు అప్పుడే రాసిపెట్టారన్నమాట.

అసలు కథ అక్కడే మొదలవ్వాలి. ఛాంబర్‌లో స్పీకర్ ఆ కాగితం బల్ల మీద పెట్టి, ‘ఇది మీరే రాశారా? ఎవరైనా ఒత్తిడి చేశారా?’ అని అడుగుతారు. తలుపు బయట విలన్ మనుషులు. ఒత్తిడి లేదంటే సీటు పోతుంది, ఉందంటే ఇంటి దగ్గర పిల్లలు. తుపాకీ కనిపించనక్కర్లేదు.

ఇక విప్, అంటే సభలో ఎటు ఓటెయ్యాలో తన సభ్యులకు పార్టీ ఇచ్చే ఆదేశం. ‘విప్ ధిక్కరించావ్, నీ ఓటు చెల్లదు’ అని పార్టీ పెద్ద గర్జిస్తాడు. నిక్షేపంలా చెల్లుతుంది. ఆ ఓటుతో ప్రభుత్వం పడేదుంటే పడుతుంది. పోయేది సభ్యత్వం, అదీ 1985లో 52వ సవరణ తెచ్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద పిటిషన్ వేసి, స్పీకర్ తేల్చాక. ఈలోగా పార్టీ మనసు మార్చుకుంటే 15 రోజుల్లోపు ఆ ధిక్కారాన్ని మన్నించవచ్చు. ఆ 15 రోజుల బేరసారాల మీద ఎన్ని ఎపిసోడ్లు లాగొచ్చో! మూడో వంతు మందితో చీలిపోయి సభ్యత్వం కాపాడుకునే దారిని 2003లో 91వ సవరణ మూసేసింది. వేరే పార్టీలో విలీనం పేరు చెప్పాలంటే మూడింట రెండొంతుల మంది కావాలి. రాజ్యసభ ఎన్నిక మాత్రం దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ పార్టీ మాట కాదన్నా పదో షెడ్యూలు అంటదు గానీ, వేసిన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించకపోతే అది నిజంగానే చెల్లదు.

ఎమ్మెల్యేలను బస్సుల్లో దింపి రాజ్‌భవన్‌లో తలలు లెక్కపెట్టించే సీను 1984 నాటి కథకైతే సరిపోతుంది. ఆ ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ తనను ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పిస్తే, ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందే నిలబెట్టారు. 1994లో సుప్రీంకోర్టులో బొమ్మై కేసు తీర్పు వచ్చాక మెజారిటీ తేలాల్సింది సభలోనే.

ఆ లెక్కా అంత తేలిక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలు కనుక 88 అని అన్ని పాత్రలూ వల్లిస్తాయి. హాజరై ఓటేసినవారిలో ఎక్కువమంది ఎటుంటే అటే గెలుపు. మూడు సీట్లు ఖాళీ అనుకుందాం. స్పీకర్ ముందుగా ఓటెయ్యరు. మిగిలింది 171, కావలసింది 86. అయిదుగురు రాకపోతే 166. 83-83 దగ్గర ఆగితే అప్పుడు స్పీకర్ నిర్ణాయక ఓటు. అవతలివాణ్ణి కొంటే తేడా రెండు మారుతుంది, రాకుండా ఆపితే ఒకటి. గైర్హాజరీ కూడా విప్ ధిక్కారమే కాబట్టి ఆస్పత్రి చీటీలకు అంత గిరాకీ.

నామినేషన్ సీన్ల సంగతి కొంత నయం. బీ-ఫారం (ఫలానావాడే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం) చింపేయడం బాగానే పండుతుంది, చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల గడువు గుర్తుంటే. కాకపోతే పార్టీ అభ్యర్థిగా ఒక్క ప్రతిపాదకుడి సంతకంతో వెళ్లినవాడికి ఫారం అందకపోతే, పరిశీలనలోనే నామినేషన్ పోతుంది. స్వతంత్రుడికి 10 మంది కావాలి. నామినేషన్ పత్రాలు నాలుగు సెట్ల వరకు వేసే వీలుంది కనుక, ఆరితేరిన నాయకుడు 10 సంతకాల సెట్టొకటి ముందే దాఖలు చేసి ఉంటాడు.

ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిందంటే ఎవరూ నమ్మరని రచయితలు జంకుతారేమో. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో పడిపోయింది. ఒరిస్సా ముఖ్యమంత్రి అయి రెండు నెలలైనా ఎంపీ పదవికి ఇంకా రాజీనామా ఇవ్వని గిరిధర్ గమాంగ్ వచ్చి ఓటేసిన రోజది. ఆ సీనులో తుపాకీ లేదు, రాజీనామా కాగితమూ లేదు.

సీరియల్ నిర్మాతలకు మీ పత్రిక ద్వారా ఒకటే మనవి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ కాగితం మీద కనీసం ‘స్పీకర్ గారికి’ అని రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు