ఆ రోజు రికార్డింగ్ ఎందుకు పెట్టలేదంటే

సీజన్ సభ్యులందరికీ నమస్కారం.

గత శనివారం బాలి గమెలాన్ ప్రదర్శన రద్దయింది. గమెలాన్ అంటే ఇండోనేషియాలోని బాలి దీవి వాయిద్య బృందం, గాంగులూ లోహపు పలకల వాయిద్యాలూ; దాంతో పాటే నాట్యం. ఏడింటికి ఆట, అయిదున్నరకి మీ ఫోన్లకు మెసేజ్. అప్పటికే కొందరు దారిలో ఉన్నారు, కొందరు హాలు మెట్లెక్కేశారు. ఆ మెసేజ్‌లో "సాంకేతిక కారణాల వల్ల" అని రాశాను. అలాంటి మాటలు ఎవరైనా రాస్తే నాకే ఒళ్ళు మండుతుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను, రికార్డింగ్ పెట్టయినా ఎందుకు ఆడించలేదో కూడా.

ముందు డబ్బు సంగతి. టికెట్ డబ్బు మొత్తం, బుకింగ్ చార్జీతో సహా, మీరు కట్టిన కార్డుకే తిరిగి వస్తుంది. సీజన్ పాస్ ఉన్నవాళ్ళకు ఆ ఒక్క ప్రదర్శన వాటా వస్తుంది. మీరు ఎవరికీ ఏమీ రాయనక్కర్లేదు.

ఇక వాయిద్యాల పెట్టెల సంగతి. విదేశీ ట్రూప్ వస్తే మనుషులకు వీసా ఎలాగో వాయిద్యాలకు ఏటీఏ కార్నే అలాగ. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నడిచే పత్రం అది. ఈ సామాను అమ్మడానికి రాలేదు, పని కాగానే తిరిగి వెళ్ళిపోతుంది అని దాని భావం. అది ఉంటే సుంకం కట్టక్కర్లేదు. ఎంత ఎక్కువైనా ఏడాది లోపు సామాను వెనక్కి వెళ్ళాలి. కార్నేలో ఒక జాబితా ఉంటుంది: ప్రతి వస్తువు పేరు, ఎన్ని, బరువెంత, విలువెంత. కార్నే జారీ అయ్యాక ఆ జాబితాలో ఒక్క వస్తువు కూడా కొత్తగా చేర్చడానికి వీల్లేదు. నా కొంప మునిగింది ఇక్కడే.

ట్రూప్ పంపిన జాబితాలో 14 పెట్టెలున్నాయి. మా కార్గో ఏజెంట్ ఆఫీసులో టైప్ చేసిన జాబితాలో 12. పేజీ మారే చోట రెండు లైన్లు ఎగిరిపోయాయి. తప్పులు ఎవరైనా చేస్తారు, నేనూ చేస్తాను. కానీ సామాను బయల్దేరే ముందు రోజే వాళ్ళకు ఈ తప్పు తెలిసింది. నాకు చెప్పలేదు. ఆ రెండు పెట్టెల్నీ మామూలు సరుకులాగా వేరే విమానంలో ఎక్కించి, ఎలాగో సర్దుకుంటుందిలే అనుకున్నారు. కస్టమ్స్ వాళ్ళు ఆపారు. కాగితం లేని సామానుకు డిపాజిట్ కట్టమన్నారు, విలువ రుజువులు చూపించమన్నారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కట్టడానికి నేను సిద్ధమే. కానీ నాకు ఈ సంగతి తెలిసేటప్పటికి శుక్రవారం సాయంత్రం అయింది, కట్టించుకునే కౌంటరు మూసేశారు, సోమవారం దాకా తెరవరు.

తొమ్మిదేళ్ళుగా మా సామాను చూసింది ఆ ఏజెంటే. 2017లో రోజ్‌వుడ్ జాతి కలపను అంతర్జాతీయ రక్షణ జాబితాలో చేర్చినప్పుడు గిటార్లు పట్టుకు తిరిగేవాళ్ళ దగ్గర్నుంచి క్లారినెట్లవాళ్ళ దాకా అందరూ టెన్షన్ పడ్డారు. ఏ వాయిద్యానికి పర్మిట్ కావాలి, దేనికి అక్కర్లేదు అనేది ఎవరికీ సరిగ్గా అంతు పట్టలేదు. తయారైన వాయిద్యాలకు మినహాయింపు వచ్చింది 2019లో. ఆ మధ్య కాలంలో రాత్రి పదకొండింటికి కూడా నాతో కూర్చుని ఒక్కో వాయిద్యం కలప పేరు వెతికిన మనుషులు వీళ్ళు. అందుకే నాకు కోపం కన్నా చిన్నతనం ఎక్కువైంది. శనివారమంతా నా ఫోన్ ఎత్తింది ఒక్కసారే, "ఇంకో గంటలో వచ్చేస్తాయి సార్" అనడానికి. మంగళవారం మూడు లైన్ల ఈమెయిల్ వచ్చింది. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." అందులో నా పేరు కూడా తప్పే. సరే, వాళ్ళతో మా లావాదేవీలు ముగిశాయి.

ఇప్పుడు మీలో చాలామంది అడిగిన ప్రశ్న. పన్నెండు పెట్టెలు వచ్చాయి కదా, డాన్సర్లు వచ్చారు కదా, ఎంతో కొంత ఆడించొచ్చు కదా?

బాలి గమెలాన్‌లో లోహపు పలకల వాయిద్యాలు జంటలుగా ఉంటాయి. ఒకదాన్ని పెంగుంబాంగ్ అంటారు, దాని శ్రుతి కాస్త తగ్గు. రెండోది పెంగిసెప్, కాస్త హెచ్చు. రెండింటి మీదా ఒకే స్వరం వాయిస్తే ఆ చిన్న తేడా వల్ల ధ్వని అలలాగా ఊగుతుంది. కావాలనే అలా తయారు చేస్తారు. చిక్కుకుపోయిన పెట్టెల్లో ఉన్నవి నాలుగు పెంగిసెప్‌లు, పెద్ద గాంగ్. అంటే ప్రతి జంటలో ఒకటి మా దగ్గర, ఒకటి గోడౌన్‌లో. అరువు తెద్దామా అంటే, అదే పియానో అయితే ఈపాటికి తెచ్చేవాణ్ణి. గమెలాన్‌కు అన్నిచోట్లా చెల్లే ఒకే శ్రుతి లేదు. ఏ సెట్టు శ్రుతి దానిదే. ఒక సెట్టులోంచి తీసి ఇంకో సెట్టులో పెడితే కలవదు.

ట్రూప్ పెద్దాయన నా మొహం చూసి, ఆయనే ఒక దారి చెప్పారు. "మా దగ్గర రికార్డింగ్ ఉంది. పిల్లలకు దాని మీద చేయడం అలవాటే. జనం వస్తున్నారు, ఉత్తి చేతులతో పంపకండి." మధ్యాహ్నం రెండింటికి హాల్లో స్పీకర్లు పెట్టి పది నిమిషాలు చేసి చూపించారు. బాగుంది. బాగాలేకపోతే నా పని సులువయ్యేది.

ఒక్క చోట మాత్రం నాకు గుచ్చుకుంది. ఆ నాట్యంలో డాన్సర్ భుజమో చూపో కదిపి సైగ చేస్తే డ్రమ్ము వాయించేవాడు అందుకుంటాడు, వెంటనే మొత్తం బృందం విరుపు ఇస్తుంది. ముందు రోజు ఉత్తి డ్రమ్ముతో ప్రాక్టీసులో అది చూశాను. ఒక అమ్మాయి సరదాకి సైగ ఆలస్యం చేసింది, డ్రమ్ము ఆయన నవ్వుతూ ఆగాడు. రికార్డింగ్ ఆగదు. అమ్మాయి దాని వెనక పరిగెత్తింది. వాయించాల్సిన వాళ్ళు మొదటి వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు.

మన పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో ఉన్న మాట "ప్రత్యక్ష సంగీతం". మూడింటికి వద్దని చెప్పాను. పెద్దాయన ఏమీ అనలేదు, తల ఊపి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు కూడా రోజుకోసారి అనిపిస్తుంది, పెట్టేసి ఉండాల్సిందేమో అని. మళ్ళీ ఆ అమ్మాయి పరుగు గుర్తొస్తుంది.

నేనేదో మడి కట్టుకున్నానని ఒకరు రాశారు. కాదండీ. 1952లో జాన్ కోస్ట్ అనే ఇంగ్లీషాయన బాలిలోని పెలియాతన్ బృందాన్ని యూరప్‌కీ అమెరికాకీ తీసుకెళ్ళాడు. ఆ పర్యటన కోసమే నృత్య గురువు ఇ మారియోతో కొత్త నాట్యం ఒకటి చేయించాడు, రెండు తుమ్మెదల ప్రణయం. పరదేశపు ప్రేక్షకుల్ని దృష్టిలో పెట్టుకుని పుట్టిన ఆ నాట్యం ఇవాళ బాలిలో పిల్లలు నేర్చుకునే సంప్రదాయ నాట్యాల్లో ఒకటి. మార్పులు చేస్తే నాకేం అభ్యంతరం లేదు. పోస్టర్ మీద ఒకటి రాసి వేదిక మీద ఇంకోటి చూపించడమే నా వల్ల కాలేదు.

నా తప్పు మాత్రం ఒకటుంది, దానికి క్షమాపణ అడుగుతున్నాను. నిర్ణయం మూడింటికి అయిపోతే మెసేజ్ అయిదున్నరకి ఎందుకు వచ్చింది? ఆ "ఇంకో గంటలో" అన్న మాట పట్టుకుని కూర్చున్నాను కాబట్టి. సోమవారం దాకా కౌంటరు తెరవరని తెలిసీ నమ్మాను. నమ్మాలనిపించింది, అంతే. ఆ రెండున్నర గంటలు మీవి.

ట్రూప్‌కు పారితోషికం పూర్తిగా ఇచ్చేశాం. కాంట్రాక్టులో తుఫాను, యుద్ధం లాంటి వాటికి మినహాయింపు ఉంటుంది గానీ టైపింగ్ తప్పు ఆ లెక్కలోకి రాదు. ఇన్సూరెన్సూ అంతే. ఈ నష్టం ఏజెంట్ నుంచి ఎంత రాబట్టగలనో చూడాలి. టికెట్ ధర పెంచుతారా అని అడుగుతున్నారు. పెంచను. డిమాండును బట్టి సీటు ధర గంట గంటకీ మార్చే పద్ధతీ పెట్టను. 1966లోనే బామోల్, బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వివరంగా చెప్పారు: ఫ్యాక్టరీలో యంత్రాలొచ్చి పని వేగం పెరుగుతుంది గానీ, నలుగురు వాయించాల్సిన సంగీతానికి ఇప్పటికీ నలుగురే కావాలి, అంతే సేపు పడుతుంది, వాళ్ళ జీతాలు మాత్రం మిగతా లోకంతో పాటు పెరుగుతాయి. ఈ వ్యాపారంలోకి ఆ సంగతి తెలిసే వచ్చాను.

వచ్చే సీజన్లో విదేశీ ప్రదర్శనలు అయిదు కాదు, మూడే. వాటిని కూడా వేరే దేశాల్లోని ఇద్దరు నిర్వాహకులతో కలిసి, వరస తేదీల్లో ఒకే పర్యటనగా తెస్తున్నాం. రవాణా ఖర్చు ముగ్గురం పంచుకుంటాం. సామాను ఆటకు అయిదు రోజుల ముందే చేరాలి. కార్నే జాబితా జారీ కాకముందే ట్రూప్ మేనేజరూ నేనూ వీడియో కాల్‌లో పెట్టె పెట్టె తెరిచి సరిచూస్తాం.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. కిందటేడు ఒక నాటక బృందం బ్రోచర్లో "ఎడిన్‌బరో ఉత్సవంలో ప్రదర్శించిన" అని వేశాం. వాళ్ళు ఆడింది ఆ ఊళ్ళోనే దాని పక్కన విడిగా జరిగే ఫ్రింజ్ అనే ఉత్సవంలో. 1947లో ఎనిమిది బృందాలు పిలవకుండానే వచ్చి ఆడుకోవడంతో మొదలైంది అది. ఇప్పటికీ దానికి ఎంపిక కమిటీ లేదు, వేదిక దొరికితే ఎవరైనా ఆడొచ్చు. ఆహ్వానం మీద వెళ్ళే ఉత్సవం వేరు. తెలిసే వేశాను. ఇక వేయను.

ఆ పెట్టెలు సోమవారం మధ్యాహ్నం విడుదలయ్యాయి. ట్రూప్ ఆదివారమే వెళ్ళిపోయింది. సామాను వాళ్ళ ఇంటికి చేరేదాకా ఖర్చు మాదే. మళ్ళీ రమ్మని అడిగాను, పెద్దాయన ఇంకా జవాబివ్వలేదు.

"స్థాయికి మించిన పని నెత్తికెత్తుకున్నారు" అని రాసి పాస్ వెనక్కి పంపించిన మేడమ్‌కు: మొదటి సీజన్ నుంచీ మీరు కూర్చునే మూడో వరుస 11వ సీటు ఈ నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వడం లేదు.