పూర్తి రేసు అన్నారు, చివరి చుట్టు లేకుండా ఇంటికి తెచ్చారు

కమ్మింగ్, జార్జియా
28 ఫిబ్రవరి 2024

మేనేజరు గారికి,

విషయం: 25వ తేదీ ఆదివారం అట్లాంటా మోటార్ స్పీడ్‌వే (కార్ల రేసు ట్రాకు) యాత్రలో రేసు ముగియకముందే వెనక్కి తెచ్చినందుకు డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీ ఆఫీసులో ఫోనెత్తిన అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది, తెలుగులోనే డబ్బు కట్టించుకుంది. అందుకని నేనూ తెలుగులోనే రాస్తున్నాను. "పేరెంట్స్ స్పెషల్: నాస్కార్ రేసు పూర్తిగా, రాత్రి బఫేతో సహా" అని మీరు వాట్సాప్‌లో పంపిన ప్రకటన చూసి మా అబ్బాయి మా ఇద్దరికీ తలకు 165 డాలర్లు కట్టాడు. నా పేచీ అంతా ఆ "పూర్తిగా" దగ్గరే.

ఆర్టీసీలో 31 ఏళ్ళు స్టీరింగు పట్టి రిటైరైన మనిషిని. ఇక్కడికొచ్చిన నాలుగు నెలల్లో గుళ్ళూ మాల్సూ మా అబ్బాయి వాళ్ళే తిప్పారు. నేను నోరు తెరిచి అడిగింది ఈ రేసు ఒక్కటే.

రెండో ల్యాపులోనే పదిహేనుకు పైగా కార్లు గుద్దుకున్నాయి. మా ఆవిడ కళ్ళు మూసుకుంది, నేను లేచి నిలబడ్డాను. ఒక చుట్టు మైలున్నర పైచిలుకు, అలాంటివి 260. మొత్తం 400 మైళ్ళు, దాదాపు హైదరాబాదు నుంచి విశాఖపట్నం వెళ్ళినంత. ఘాట్ రోడ్డు మలుపులో బయటి అంచు ఎందుకు లేపుతారో నాకు తెలుసు. కానీ ఈ ట్రాకు మలుపుల్లో ఉన్న 28 డిగ్రీల వాలంటే కళ్ళారా చూస్తేనే నమ్మకం కలుగుతుంది. 2022కు ముందు అది 24 డిగ్రీలేనట. వాలు పెంచి, ఇంజన్‌కు అందే గాలీ, దాంతో దాని బలమూ తగ్గించాక ఏ కారూ మిగతావాటిని వదిలించుకుని పోలేకపోతోంది. అన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని గుంపుగా తిరుగుతాయి. ముందున్నది గాలిని చీలిస్తే వెనకది తేలిగ్గా వస్తుంది. హైవే మీద కంటైనర్ లారీ వెనక పోతుంటే ఇంజన్‌కు బరువు తగ్గినట్టుండటం ఏ డ్రైవర్ని అడిగినా చెబుతాడు. అందుకే అక్కడ 240 ల్యాపులు ముందు నడిచినవాడికి కూడా గెలుపు మీద హక్కేమీ ఉండదు. ఏం తేలినా ఆఖర్నే తేలాలి. మీ గైడుకు ఈ సంగతి తెలియదు.

ఇంకా ఇరవై చిల్లర ల్యాపులు ఉన్నాయనగా ఆ గైడు అబ్బాయి వచ్చి "అంకుల్, లేవండి, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం" అన్నాడు. ల్యాపుకు అర నిమిషం చొప్పున పది పన్నెండు నిమిషాల పని బాబూ, ప్రమాదమేదైనా జరిగి కార్లను నెమ్మది చేయించే పసుపు జెండా పడితే ఇంకో పావుగంట వేసుకో అని చెప్పి చూశాను. మన బ్యాచ్‌లో సగం మంది అప్పటికే చెవుల్లో దూది కుక్కుకుని పోదాం పోదామంటున్నారు. అబద్ధమెందుకు, మా ఆవిడా వాళ్ళ పక్షమే. నా మాట చెల్లలేదు.

తీరా చూస్తే ట్రాఫిక్ ఒక సాకు. ఏడింటికి వస్తామని మీరు హోటలువాడికి మాటిచ్చారు. అక్కడికెళితే ముందు బ్యాచ్ ఇంకా లేవలేదని నలభై నిమిషాలు బయట నిలబెట్టారు. అక్కడ నిలబడి, పక్కాయన ఫోన్‌లో, అరచేతంత తెర మీద ఆ ముగింపు చూశాను. 99వ నంబరు డానియెల్ సువారెజ్, 12వ నంబరు రయన్ బ్లేనీ, 8వ నంబరు కైల్ బుష్. ముగ్గురూ పక్కపక్కనే గీత దాటారు. సువారెజ్ గెలిచింది 0.003 సెకన్ల తేడాతో! ఫొటో చూసుకుంటే గానీ ఎవరిదో తేల్చలేకపోయారు. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. గంటకు 180 మైళ్ళ వేగంలో అది జానెడు దూరం. విశాఖ దాకా పరిగెత్తి జానెడు ముందుండి గెలిచాడన్న మాట. ఆ జానెడు నాకు దక్కకుండా చేశారు.

డ్రైవర్ల మాటలు వినడానికని 30 డాలర్లు తీసుకుని అద్దెకిచ్చిన స్కానర్ గంటలోనే చచ్చిపోయింది. గైడు దాన్ని అటూ ఇటూ తిప్పి, జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇద్దరి డబ్బులో భోజనం ఖరీదు మినహాయించుకోండి. పులిహోర బాగుంది, తిన్నది కాదనను. మిగతా మొత్తం, స్కానర్ అద్దెతో కలిపి, 15 రోజుల్లోగా మా అబ్బాయి కార్డుకు తిరిగి వేయండి. లేదంటే మీ వాట్సాప్ ప్రకటన జత చేసి వాడు బ్యాంకుకు రాస్తాడు. ఇకమీదట రేసుకు తీసుకెళ్ళేటప్పుడు హోటలు టైము రేసును బట్టి పెట్టుకోండి.

ఇంకొక్క మాట. దీని మీద బస్సు నడిపినాయనకు మెమో లాంటిదేమీ ఇవ్వకండి. ఆయన మీ గైడు చెప్పిన టైముకు బస్సు తీశాడు, అంతే. మేము ఎక్కేసరికి ఆయన రేడియోలో రేసే వింటున్నాడు. మీ గైడే అది ఆపించి సినిమా పాటలు పెట్టించాడు.

ఇట్లు,
సీటు నంబర్లు 17, 18 ప్రయాణికులు