సుడిగాలి ఆటలో సైన్సు పాఠం

సంపాదకుడు గారికి,

వీడియో గేములతో పిల్లలు చెడిపోతున్నారనే ఉత్తరాలే ఎక్కువగా చూస్తుంటాం. సైన్సు టీచరుగా నా అనుభవం వేరు. 2009లో వచ్చిన ‘టోర్నడో అవుట్‌బ్రేక్’ను మా అబ్బాయి ఇప్పటికీ ఆడతాడు. అందులో సుడిగాలిని నడిపేది మనమే. మొదట చిన్నాచితకా వస్తువులే లేస్తాయి. మింగినకొద్దీ సుడి పెరిగి ఇళ్లకు ఇళ్లే ఎగిరిపోతాయి. అప్పుడు వాడు ఊపిరి బిగబట్టి, బొటనవేలు తెల్లబడేదాకా కంట్రోలర్ నొక్కిపట్టి ఉంటాడు.

మబ్బు నీడ దాటి ఎండలోకి వెళ్లకూడదన్నది ఆటలో నియమం. నేను అక్కడే పట్టుకున్నాను. నిజానికి ఎండే నేలను కాచి, తేమగాలిని పైకి లేపి ఉరుముల మేఘాలకు బలమిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి వేగం, దిశ మారుతుంటే ఆ మేఘం తిరగడం మొదలెడుతుంది. అంతేగానీ ఇళ్లను మింగి సుడి పెరగదు. సుడిగాలుల తీవ్రతను చెప్పే కొలమానంలో అన్నిటికన్నా పైదైన ఇఎఫ్-5 స్థాయిలో గాలి వేగం గంటకు 320 కిలోమీటర్లు దాటుతుంది.

‘‘మరి ఆ ఇళ్లలో మనుషులో?’’ అని వాడే అడిగాడు. ఆట ఆపించి, కింది అంతస్తులో కిటికీల్లేని లోపలి గదిలో తలదాచుకోవాలని చెప్పాను. పిల్లల పేజీలో గేముల గురించి వేసేటప్పుడు ఇలాంటివీ రెండు ముక్కలు రాయించండి.

- ఒక సైన్సు ఉపాధ్యాయురాలు