ఆర్సెనల్ పెట్టె ఎప్పుడు తీసెయ్యాలంటే

ఒరేయ్ శీనూ,

నువ్వు తయారుచేసిన ఆర్మా 3 (సైనిక యుద్ధపు వీడియోగేమ్) కోఆప్ (అందరూ ఒకే జట్టుగా ఆడే) మిషన్‌లో మధ్యమధ్యలో అందరూ ఆయుధాలు మార్చేస్తున్నారన్నావు. ఆర్సెనల్ పెట్టె, అంటే కావాల్సిన ఆయుధం ఎంచుకునే పెట్టె, చివరిదాకా అందుబాటులో ఉంటే అంతేరా. ట్యాంకు కనబడగానే మెడిక్ బేస్‌కి పరిగెత్తి లాంచర్ తగిలించుకొస్తాడు. ఇక యాంటీట్యాంక్ వాడితో పనేముంది? వాణ్ణి కాపాడుకోవాలని ఎవరికనిపిస్తుంది? ఒకరి మీద ఒకరు ఆధారపడటమే ఈ ఆటలో మజా, దాన్ని పోనివ్వకు.

బ్రీఫింగ్ అయ్యాక ఆయుధాలు ఎంచుకోడానికి 10 నిమిషాలివ్వు. ఇంకో 2 నిమిషాలుందనగా ఒకసారి, 30 సెకన్లుందనగా మరోసారి హింట్ (తెర మీద చిన్న సందేశం) చూపించు. తర్వాత సర్వర్‌ నుంచి డిలీట్‌వెహికల్‌ అనే కమాండ్‌తో పెట్టెనే తీసెయ్. పెట్టె మీది యాక్షన్ (దాన్ని తెరిచే మెనూ ఆప్షన్) మాత్రమే తీద్దామంటే ఒక్కో కంప్యూటర్‌లో విడిగా తీయాలి, ఎవడో ఒకడికి మిగిలిపోతుంది.

అదే సమయానికి ప్రతివాడి దగ్గరున్న ఆయుధాలు, సామాను మొత్తాన్నీ, అంటే లోడౌట్‌నీ గెట్‌యూనిట్‌లోడౌట్‌తో సేవ్ చెయ్, చనిపోయినవాడు మళ్లీ ఆటలోకి వచ్చే రెస్పాన్‌లో సెట్‌యూనిట్‌లోడౌట్‌తో తిరిగివ్వు. చనిపోయినప్పుడు సేవ్ చేశావో, ఖాళీ మ్యాగజైన్లతో లేస్తారు. రెస్పాన్ స్క్రిప్ట్ ఒక్కోసారి మిషన్ మొదట్లోనే నడుస్తుంది, అప్పటికి సేవ్ చేసిందేమీ ఉండదు కాబట్టి ఈజ్‌నిల్ చెక్ పెట్టు. ఇంకో చిక్కుంది: నిండు లోడౌట్‌తో లేస్తారని తెలిస్తే తూటాల కోసం కావాలనే చస్తారు. అందుకే రెస్పాన్ టికెట్లు (జట్టు మొత్తం ఇన్నిసార్లే మళ్లీ లేవొచ్చన్న లెక్క) పెట్టు. ఎనిమిది మందికి 12 చాలు.

ఆలస్యంగా చేరినవాడికి పెట్టె దొరకదు. మిషన్ తయారుచేసే ఈడెన్ ఎడిటర్‌లోనే ప్రతి స్లాట్‌కీ పూర్తి లోడౌట్ సర్దిపెట్టు. పేరుకి మెడిక్, సంచిలో మెడికిట్ లేదు అన్నట్టు ఉండకూడదు.

ఆయుధాలు మార్చొద్దన్నాం గానీ తూటాలు ఆపమన్లేదు! సప్లై పెట్టెలో రైఫిల్ మ్యాగజైన్లు 48, మెషిన్‌గన్ బెల్టులు 4, రాకెట్లు 2 వెయ్యి. ముందు ఆయుధాలు, మ్యాగజైన్లు, ఐటమ్‌లు, బ్యాక్‌ప్యాక్‌లు నాలుగూ విడివిడిగా క్లియర్ చెయ్, లేదంటే మామూలుగా అందులో ఉండే తుపాకులు అలాగే ఉంటాయి. ఈ కోడ్‌ని పెట్టె మొదలయ్యేటప్పుడు నడిచే ఇనిట్‌లో అలాగే పడేస్తే కొత్తవాడు చేరిన ప్రతిసారీ మళ్లీ నడుస్తుంది, వాడేసిన మ్యాగజైన్లు తిరిగొస్తాయి. ముందు ఈజ్‌సర్వర్ (సర్వర్ మీదే నడవాలన్న చెక్) తప్పనిసరి.

శత్రువు శవం దగ్గర రైఫిల్ తీసుకుంటే తీసుకోనీ. తూటాలైపోయినవాడికి అది న్యాయమైన దారే. లాంచర్ ఒక్కటే ఆపు: ఏదైనా తీసుకోగానే నడిచే టేక్ ఈవెంట్ హ్యాండ్లర్‌లో స్లాట్ చూసి, యాంటీట్యాంక్ వాడు కాకపోతే వాడి దగ్గర్నుంచి తీసేసి కింద పెట్టించు. విడిగా నడిచే డెడికేటెడ్ సర్వర్‌ మీద ఇద్దరితోనైనా టెస్ట్ చెయ్యి, ఎడిటర్ ప్రివ్యూలో ఈ తప్పులేవీ బయటపడవు.

స్క్రిప్ట్ రాసి పంపు, చూస్తాను.

నీ,
ప్రసాద్