డెంటల్ అసిస్టెంట్ ట్రైనింగ్ అంటే సక్షన్ (నోట్లో ఉమ్మి లాగే గొట్టం) పట్టుకోవడమేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

డెంటల్ అసిస్టెంట్ కోర్సు చేస్తే వెంటనే ఉద్యోగం అని ప్రకటనలు చూసి చాలామంది చేరిపోతున్నారు, నేనూ అలాగే చేరా, కాకపోతే మా ఇన్‌స్టిట్యూట్‌లో నోట్స్ రాయించడం తప్ప చేతికి ఒక్క పరికరం ఇచ్చిన పాపాన పోలేదు. తీరా క్లినిక్‌లో మొదటిరోజు డాక్టర్ గారు "36 రాసుకో" అన్నారు, నేను తెల్లమొహం వేశా. నోటిని 4 భాగాలు చేసి నంబర్లు ఇస్తారని, 36 అంటే పేషెంట్‌కి ఎడమవైపు కింది దవడలో మొదటి పెద్ద దవడపన్ను అని ఆ తర్వాత తెలిసింది. ఆల్జినేట్ (పళ్ల అచ్చు తీయడానికి నీళ్లలో కలిపే పొడి) కలపడం ఇంకో కథ, నిమిషం లోపే ఉండలు లేకుండా కలిపి ట్రేలో పెట్టాలి, నీళ్లు కాస్త వేడిగా ఉన్నాయా గిన్నెలోనే గట్టిపడి కూర్చుంటుంది (నాకు మూడుసార్లు అయింది).

అసలు భయపడాల్సింది స్టెరిలైజేషన్ గురించి, అంటే పరికరాల మీది క్రిముల్ని చంపడం. పరికరాలు ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో ఆవిరి పట్టే మెషిన్) 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు ఉండాలి, వాటిని పెట్టి మూసే పౌచ్ మీద రంగు మారితే వేడి తగిలిందని మాత్రమే అర్థం, క్రిములు చచ్చాయో లేదో తెలియాలంటే స్పోర్ టెస్ట్ (వేడికి త్వరగా చావని క్రిముల్ని లోపల పెట్టి చూసే పరీక్ష) చేయాల్సిందే. ఇది మాకు ఎవరూ చెప్పలేదండీ. హెపటైటిస్ బి టీకా వేయించుకోమని కూడా చెప్పలేదు, రోజూ సూదులూ రక్తంతోనే కదా పని!

చేరేముందు ఫీజు కంటే ముందు క్లినిక్‌లో ఎన్ని గంటలు ప్రాక్టీస్ ఇస్తారో అడగండి, కాగితం మీద రాసిమ్మనండి.

ఇట్లు,
ఒక డెంటల్ అసిస్టెంట్