సీసా వెనకవైపు చదివి కొను తల్లీ

విశాఖపట్నం.

చి॥ల॥సౌ॥ సుధకు నాన్న ఆశీస్సులు.

జులైలో స్నేహితులతో కలిసి స్కాట్లాండ్‌లోని గ్లెన్‌కో లోయకూ, అక్కడినుంచి స్కై ద్వీపానికీ వెళ్లి గుడారాల్లో ఉండబోతున్నామని రాశావు. అక్కడ కుట్టే చిట్టి పురుగులైన మిడ్జ్‌ల గురించి గ్లాస్గోలో అందరూ భయపెడుతున్నారనీ, దుకాణంలో ఒక అరనిండా పురుగులను దగ్గరికి రానివ్వని మందుల (రిపెల్లెంట్ల) సీసాలు రకరకాలు ఉన్నాయనీ, వాటిలో ఏది కొనాలో తెలియడం లేదనీ అడిగావు. మలేరియా విభాగంలో ఉద్యోగం చేసినంత కాలమూ పాడేరు ఏజెన్సీ గ్రామాల్లో కుట్టే పురుగుల బారినుంచి జనాన్ని కాపాడడమే నా పని కనుక, ఈ ప్రశ్నకు ఒక్క పేరు చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. అయినా తొందరలో ఉంటావని నా సలహా ముందే చెప్పేస్తున్నాను: పికారిడిన్ అనే మందు 20 శాతం ఉన్న స్ప్రే ఒకటి, తలమీదుగా మెడదాకా దిగే సన్నని వల ఒకటి కొనుక్కో. ఎందుకో చెబుతాను, ఓపికగా చదువు.

అక్కడ నిన్ను వేధించబోయేది దోమ కాదు. దాని శాస్త్రీయ నామం క్యులికాయిడిస్ ఇంపంక్టేటస్. రెక్క పొడవు మిల్లీమీటరున్నర కూడా ఉండదు. దోమ తొండం గుచ్చి రక్తం పీలుస్తుంది. మిడ్జ్ తన దవడలతో చర్మాన్ని కోసి, ఆ కోతలో ఊరిన రక్తాన్ని తాగుతుంది. కుట్టేది ఆడపురుగు మాత్రమే. ఈ జాతి ఆడపురుగు మొదటి విడత గుడ్లను ఒంట్లో ఉన్న నిల్వలతోనే పెట్టగలదు, ఆ తర్వాతి విడతకే దానికి రక్తం కావాలి. అందువల్ల మనుషులూ పశువులూ పెద్దగా తిరగని బీడు నేలల్లో సైతం వాటి సంతతికి లోటుండదు. ఆమ్లగుణంతో, ఏడాది పొడవునా తడిగా ఉండే, సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన పీట్ నేలల్లో వాటి పిల్లపురుగులు పెరుగుతాయి. స్కాట్లాండ్ కొండప్రాంతమైన హైలాండ్స్ పడమటి భాగంలో ఎటు చూసినా అలాంటి నేలే. మే నెలలో మొదలై సెప్టెంబరు దాకా ఉంటాయి కాబట్టి మీరు వెళ్లే జులై నెల వాటికి మంచి అదను.

ఒక విషయంలో మాత్రం నిశ్చింతగా ఉండు. స్కాట్లాండ్‌లో ఈ పురుగు మనుషులకు ఏ జబ్బునూ అంటించదు. ఇదే ప్రజాతికి చెందిన పురుగులు మన తెలుగు రాష్ట్రాల గొర్రెల మందల్లో నీలినాలుక వ్యాధిని వ్యాపింపజేస్తాయి. గొర్రెల కాపరులకు అది ఎంత నష్టం తెచ్చిపెడుతుందో నేను కళ్లారా చూశాను. మీకు అక్కడ ఎదురయ్యేది దురదా, దద్దుర్లూ, నిద్రలేమీ మాత్రమే. అలాగని వాటిని తేలికగా తీసుకోకు. మిడ్జ్ ఒంటరిగా రాదు, మేఘంలా కమ్ముకుంటుంది. మీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ ఒంటి వాసననూ పట్టుకుని వస్తుంది.

ఇక సీసాల సంగతి. ముందువైపు ఉన్న కొండల బొమ్మలూ, 'ప్రకృతిసిద్ధం', 'అత్యంత శక్తిమంతం' అనే మాటలూ చూడవద్దు. సీసా వెనక్కి తిప్పి, పనిచేసే పదార్థం ఏమిటో, ఎంత శాతం ఉందో చదువు. నమ్మదగిన పదార్థాలు మూడే కనబడతాయి: డీట్, పికారిడిన్, పీఎండీ. పికారిడిన్‌ను కొన్ని సీసాలమీద ఐకారిడిన్ అనీ, సాల్టిడిన్ అనీ రాస్తారు, అన్నీ ఒకటే.

వీటిలో వయసులో అన్నిటికంటే పెద్దది డీట్. 1946లో అమెరికా సైన్యం కోసం తయారైంది, 1957 నుంచి సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ఇన్ని దశాబ్దాలుగా కోట్లమంది వాడిన మందు కనుక, చెప్పినట్టు వాడితే దాని విషయంలో భయపడవలసినది ఏమీ లేదు. శాతం గురించి మాత్రం చాలామంది పొరబడుతుంటారు. 50 శాతం డీట్ 25 శాతం డీట్ కంటే రెట్టింపు బలంగా పురుగును తరిమికొట్టదు. ఎక్కువసేపు పనిచేస్తుంది, అంతే. 50 శాతం దాటాక ఆ అదనపు సమయం కూడా దాదాపు పెరగదు. అందుచేత 90, 95 శాతం అని గొప్పగా రాసిన సీసాకు ఎక్కువ డబ్బు పోయడం అనవసరం. డీట్‌కు ఉన్న అసలు లోపం వేరే ఉంది. అది ప్లాస్టిక్‌నూ, కొన్ని కృత్రిమ వస్త్రాలనూ కరిగిస్తుంది. నీకు కళ్లద్దాలు ఉన్నాయి, చేతికి గడియారం ఉంది, అక్కడి వానకు వేసుకునే కోటు, పడుకునే గుడారం అన్నీ కృత్రిమమైనవే. అందుకే నీ విషయంలో నేను డీట్‌ను రెండో స్థానంలో ఉంచుతున్నాను.

పికారిడిన్‌ను 1980లలో బేయర్ కంపెనీ వాళ్లు రూపొందించారు. మన మిరియాల ఘాటుకు కారణమైన పైపరిన్ అణువు నిర్మాణమే దానికి ఆధారమని చదివినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. వాసన దాదాపు ఉండదు, చర్మానికి జిడ్డుగా అంటదు, ప్లాస్టిక్‌ను పాడుచేయదు; 20 శాతం ఉంటే పూసిన తర్వాత చాలా గంటలు కాపాడుతుంది. అక్కడ దొరికే స్మిడ్జ్ అనే స్ప్రేలో ఉన్నది ఇదే పదార్థం, ఇదే శాతం. ఆ పేరుతోనే కొనాలని నేను అనడం లేదు. వెనకవైపు అదే పదార్థమూ అదే శాతమూ ఉంటే ఏ కంపెనీదైనా సరే.

మొక్కనుంచి వచ్చినదే కావాలని మీలో ఎవరైనా పట్టుబడితే పీఎండీ ఉన్నది కొనమను. నిమ్మ వాసన వచ్చే యూకలిప్టస్ ఆకుల నూనెను శుద్ధిచేసి దానిని తయారు చేస్తారు. ఆ చెట్టు నూనెనే చిన్న సీసాల్లో సువాసన తైలంగా అమ్ముతారు, దానిలో పీఎండీ చాలా తక్కువ కాబట్టి దానికీ దీనికీ పొంతన లేదు. కళ్లలో పడితే పీఎండీ బాగా మండుతుంది, మూడేళ్లు నిండని పిల్లలకు వాడకూడదని కూడా చెబుతారు. మీతో వస్తున్న దంపతుల పాపకు రెండేళ్లని రాశావు గనుక ఈ మాట వాళ్లకు తప్పక చెప్పు. ఆ పాపకు ఏ మందైనా సీసామీద రాసిన వయసు చూసి పెద్దవాళ్లే పూయాలి, చేతులకు పూయకూడదు, చిన్నపిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు.

నిమ్మగడ్డి జాతి మొక్కనుంచి తీసే సిట్రొనెల్లా నూనె, దానితో చేసిన కొవ్వొత్తులు, చేతి పట్టీలు అక్కడ కూడా బాగా అమ్ముడవుతాయి. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరీక్షలో మనుషులు రిపెల్లెంట్ పూసుకున్న చేతులను దోమల బోనుల్లో పెట్టారు. 23.8 శాతం డీట్ సగటున ఐదు గంటలు కాపాడితే, సిట్రొనెల్లా సరుకులు ఇరవై నిమిషాలు కూడా నిలవలేదు, చేతి పట్టీలు అసలు పనిచేయలేదు. అది దోమలమీద చేసిన పరీక్షే, మిడ్జ్‌లమీద చేసినది కాదు. అయినా దోమముందు నిలవలేని పట్టీ మిడ్జ్‌ల గుంపుముందు నిలుస్తుందని నేను ఆశపడను. శబ్దంతో పురుగులను తరుముతామనే యంత్రాలకూ, వెల్లుల్లి తింటే, బీ విటమిన్ మాత్రలు వేసుకుంటే కుట్టవనే మాటలకూ ఇదే వర్తిస్తుంది. హైలాండ్స్‌లో అడవి పనివాళ్లు ఏవన్ కంపెనీవాళ్ల స్కిన్ సో సాఫ్ట్ అనే చర్మతైలాన్ని మిడ్జ్‌లకోసం పూసుకుంటారనే మాట నువ్వూ వినే ఉంటావు. ఆ నూనె పొరకు మిడ్జ్‌లు అంటుకుపోతాయి కాబట్టి దానిలో కొంత నిజముంది, కానీ మాటిమాటికీ పూసుకోవాలి. అమ్మ నీ పెట్టెలో పెట్టిన ఓడోమాస్ గొట్టాన్ని పారేయనక్కరలేదు. దానిలో ఉన్నది డీట్‌కు దగ్గరి బంధువైన మరో రసాయనం, 12 శాతం. అది దోమలకోసం తయారైనది, గ్లాస్గోలో గదిలో ఉన్నప్పుడు వాడుకో, గ్లెన్‌కోకు దానిని నమ్ముకుని వెళ్లకు.

ఎంత మంచి మందైనా రాసిన చోటనే కాపాడుతుంది. రిపెల్లెంట్ పురుగును చంపదు. మన ఒంటిని పసిగట్టే దాని శక్తిని తికమకపెట్టి, వాలకుండా చేస్తుంది. వదిలేసిన జానెడు చోటు దొరికితే మిడ్జ్ అక్కడే వాలుతుంది. చెవుల వెనక, మెడ, నుదుటిమీద జుట్టు మొదలయ్యే చోటు, చీలమండలు మరచిపోకు. ముఖంమీదికి నేరుగా స్ప్రే కొట్టకుండా అరచేతిలో పోసుకుని పూసుకో. ముందు సన్‌స్క్రీన్ రాసుకుని, అది ఆరాక దానిపైన రిపెల్లెంట్ రాసుకోవాలి. రెండూ కలిపి అమ్మేవి వద్దు, ఎందుకంటే సన్‌స్క్రీన్‌ను పూయవలసినన్ని సార్లు మందును పూయనక్కరలేదు. వాన కురిసినా చెమట పట్టినా మళ్లీ పూసుకోవాలి, అక్కడ ఆ రెండింటికీ కొదువ ఉండదు. తినే ముందు చేతులు కడుక్కో, స్టవ్ దగ్గర ఎప్పుడూ స్ప్రే కొట్టకు.

వల విషయంలో నా మాట గట్టిగా పట్టుకో. మన దోమతెర కన్నాల్లోంచి మిడ్జ్ సునాయాసంగా దూరిపోతుంది. మిడ్జ్‌లకోసమే నేసిన వల అని ప్రత్యేకంగా అడిగి కొనాలి. గుడారం తలుపుకున్న జాలీ కూడా అంత సన్ననిదేనా అని బయలుదేరే ముందే చూసుకోవాలి. వల ముఖానికి అంటకుండా ఉండడానికి అంచున్న టోపీమీద దానిని వేసుకో. నల్లని, ముదురు రంగు బట్టలు వాటిని ఆకర్షిస్తాయి, లేత రంగులు ఎంచుకో. చేతులు పొడవుగా ఉన్న చొక్కా, సాక్సులోకి దోపిన ప్యాంటు సగం పని చేసిపెడతాయి. పర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన బట్టలు కూడా అమ్ముతారు. ఏజెన్సీలో మేము పంచిన మందు దోమతెరల్లో ఉన్నదీ ఈ కుటుంబపు రసాయనమే, పురుగు దానిని తాకితే చస్తుంది. కానీ అది బట్టకే, ఒంటికి ఎప్పుడూ పూయకూడదు. పిల్లికీ చేపకూ అది విషం, కాబట్టి వాగుల్లో ఆ బట్టలు ఉతకవద్దు.

వీటన్నిటికంటే బలమైన రిపెల్లెంట్ గాలి. గంటకు పది పన్నెండు కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే చాలు, మిడ్జ్‌లు ఎగరలేవు. ఎండ బాగా కాసినా అవి దాక్కుంటాయి. గాలి ఆగిపోయి, మబ్బుపట్టి, వాన వెలిసిన ఉదయాలూ సాయంత్రాలూ వాటివి. కాబట్టి గుడారం వేసే చోటు ఎన్నుకునేటప్పుడు చెట్ల చాటూ, తుంగలాంటి గడ్డి మొలిచిన బురద నేలా విడిచిపెట్టి, గాలి తగిలే సముద్రపు ఒడ్డునో మిట్టమీదో వేసుకోండి. స్కైలో ఇది సులువు, గ్లెన్‌కో లోయ అడుగున కష్టం. అక్కడివాళ్లు వేసవిలో మిడ్జ్‌ల తీవ్రత ఏ ఊళ్లో ఎంత ఉంటుందో ముందుగానే అంచనా ప్రకటిస్తారు, వాతావరణంతోపాటు అదీ చూసుకో.

మిడ్జ్‌ల హడావుడిలో అసలు ప్రమాదాన్ని మరచిపోయేవాళ్లే ఎక్కువ కనుక ఇది వేరే చెబుతున్నాను. అక్కడి గడ్డిలోనూ ఫెర్న్ పొదల్లోనూ పిడుదులు ఉంటాయి, వాటిలో కొన్ని లైమ్ అనే బాక్టీరియా వ్యాధిని అంటిస్తాయి. పికారిడిన్, డీట్ పిడుదులమీద కూడా పనిచేస్తాయి, నేను పికారిడిన్ సీసావైపు మొగ్గడానికి అదీ ఒక కారణం. అయినా రోజూ పడుకునే ముందు మోకాళ్ల వెనక, చంకలు, గజ్జలు, తల వెంట్రుకల మొదళ్లు వెతుక్కోండి. పిడుదు కనబడితే సన్నని పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి, నలపకుండా నిటారుగా లాగాలి; వాజెలిన్ పూయడం, నిప్పు తగిలించడం చేయకూడదు. ఆ తర్వాత మూడు రోజులనుంచి నెల రోజులలోపు ఆ చోట ఎర్రని మచ్చ వ్యాపిస్తూ కనబడినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించి పిడుదు కుట్టిందని చెప్పు. ఎండవేళ వచ్చే జోరీగలు కూడా అక్కడ ఉన్నాయి, క్లెగ్ అంటారు; వాటిమీద రిపెల్లెంట్లు అంతగా పనిచేయవు, మందపాటి బట్టే దిక్కు.

ఎంత జాగ్రత్తపడినా కొన్ని కుడతాయి. గోకకుండా చల్లని తడిగుడ్డ వేసుకో, దురద తగ్గించే సెటిరిజిన్ మాత్రలూ ఒక శాతం హైడ్రోకార్టిసోన్ పూతా మందుల దుకాణంలో అడిగి వెంట ఉంచుకో. కొనే ముందు సీసా వెనకవైపు ఫొటో తీసి నాకు పంపు, నేను చదివి ఆ రోజే జవాబిస్తాను.

ఇట్లు,
నీ నాన్న