దాళ్వా డబ్బూ, పురిటి ఖర్చూ

సంపాదకులకు,

ఇద్దరు పిల్లలు దాటినవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను రాష్ట్రం 2024లో ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పలుమార్లు పిలుపునిచ్చారు. ఆ నిబంధనకు భయపడి కాన్పు వాయిదా వేసుకున్న జంటలు గోదావరి డెల్టాలో ఎన్నుంటాయి? ఇక్కడ లెక్కంతా డబ్బు ఏ నెలలో చేతికొస్తుందన్నదే.

కౌలు రైతు ఇంటికి రొక్కం ఏడాదికి రెండుసార్లే. సార్వా, అంటే వానాకాలం వరిది డిసెంబరు ప్రాంతంలో, దాళ్వా, అంటే రెండో పంటది ఏప్రిల్, మే నెలల్లో. జూన్ నుంచి దమ్ముకీ, ఊడ్పులకీ, ఎరువులకీ పోగా ఆగస్టు వచ్చేసరికి ఇల్లు ఖాళీ. సార్వా కోతల్లోపు పురుడొస్తే నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవాల్సిందే. 50 వేలు తెస్తే నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,777. దాదాపు ఏడు బస్తాల ధాన్యం వడ్డీకే పోయింది, అసలు అలాగే ఉంది.

కాన్పు ఏ నెలలో వస్తుందో మన చేతిలో లేదు. దాళ్వా డబ్బు అందిన వారంలోనే నాలుగు నెలల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో పడేయడం మాత్రం మన చేతిలో ఉంది. దాన్ని చీటీలో పెట్టకండి. అవసరానికి పాడుకుంటే పాటలో కొంత వదులుకోవాలి. మామూలు కాన్పు లెక్కన దాచినా చాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్ సహా కాన్పు ఉచితమని 2011 నుంచి కేంద్ర పథకం ఉంది. ప్రైవేటుకు వెళ్లదలచినవారు ఆరోగ్య బీమా పెళ్లినాడే తీసుకోవాలి. చాలా పాలసీల్లో కాన్పు ఖర్చుకు రెండు నుంచి నాలుగేళ్లు ఆగాలి. నెల తప్పాక కొంటే ఆ కాన్పుకు రాదు.

ఇల్లు కట్టాకే బిడ్డ అనుకునేవారికి ఒక మాట. 35 దాటాక గర్భం నిలిచే అవకాశం వేగంగా తగ్గుతుంది, గర్భస్రావాలు పెరుగుతాయి. కొన్న స్థలం చికిత్సకే అమ్ముకోవాల్సి రావచ్చు. రెండు రూపాయల అప్పు తీరి, నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంటే ఇక ఆగనక్కర్లేదని నా నమ్మకం.

గర్భిణులకు కేంద్రం డబ్బిచ్చే మాతృ వందన యోజన తీరు చూడండి. మొదటి కాన్పుకు 5 వేలు. గర్భం నమోదు చేయించుకుని ఒకసారి పరీక్ష అయ్యాక 3 వేలు ఇస్తారు. మిగతా 2 వేలకు జనన నమోదు, మొదటి విడత టీకాలు పూర్తి కావాలి, అంటే పురుడైన మూడున్నర నెలలకు. పురిటి ఖర్చు అప్పటికే అప్పుగా మారి ఉంటుంది. డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే వెళ్తుంది. పుట్టింట్లో తెరిచి వదిలేసిన పాత ఖాతాకు ముడి ఉంటే అక్కడ పడుతుంది. గర్భం నమోదు రోజే బ్యాంకులో అడిగి సరిచేయించుకోవాలి.

రెండో కాన్పుకు 6 వేలు ఆడపిల్ల పుడితేనే. ఎక్కువమందిని కనమంటున్న ప్రభుత్వం ఈ షరతును కేంద్రంతో తీయించాలి. మొదటి కాన్పు డబ్బు మొత్తం ఏడో నెలలోనే ఇప్పించాలి. అంతకన్నా ముఖ్యం కౌలు రైతు అప్పు. పంట రుణం సకాలంలో తీర్చినవారికి బ్యాంకు వడ్డీ 4 శాతమే పడుతుంది. కానీ ఆ రుణానికి కౌలు రైతు చూపే, 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి. అది దొరకని ఇళ్లే 24 శాతం కడుతున్నాయి. ఆ షరతు సడలించండి.

– ఒక పాఠకురాలు, రాజోలు